ఆ రోజు ఆమె ప్రోగ్రాం నడిచింది

ఆమె చనిపోయిన సంగతి నాకు ఫోనులో తెలిసింది. పాత విద్యార్థుల గ్రూపులో "మన ల్యాబ్ అక్క ఇక లేదు" అని ఒకబ్బాయి రాశాడు. కామెర్లు ముదిరి, దవాఖానలో చేర్చిన మూడో రోజే పోయిందట. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడుతున్నాయి. నేనూ ఒకటి పంపాను. పంపగానే సిగ్గేసింది. ఆమె విషయంలో నేను చేసిన పనికి ఆ బొమ్మ పంపే మొహం నాకు లేదు. తీసేద్దామనుకునేలోపు దాని కింద ఇంకో పదిమంది పంపేశారు.

అప్పుడు నేను భూపాలపల్లిలో, ఇప్పుడు పనిచేస్తున్న కాలేజీ స్టాఫ్ రూములో, దిద్దాల్సిన రికార్డులు ముందేసుకుని కూర్చున్నాను. పక్క కుర్చీలో మేడం "ఎవరు?" అని అడిగింది. "మహబూబాబాద్‌లో ఉన్నప్పుడు మా ల్యాబ్ అటెండర్" అన్నాను. "అయ్యో పాపం" అని ఆమె మళ్లీ తన రికార్డుల్లో పడింది. అటెండర్ అనే మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో! నిజానికి నాకు కంప్యూటర్ల సీ భాష నేర్పింది ఆమె. జీతం తీసుకుని నేను పిల్లలకు చెప్పిన పాఠాల్లో మంచి ముక్కలన్నీ ఆమెవే.

పేరు రాయను. రాయమంటావా అని అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.

నేను మహబూబాబాద్ పాలిటెక్నిక్‌లో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరేనాటికి ఆమెకు ముప్ఫై దాటి ఉంటాయి, నాకంటే ఐదారేళ్లు పెద్ద. గంగారం దగ్గరి తండా వాళ్లది. భర్త హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేసేవాడు. కూతుర్ని పెట్టుకుని కాలేజీ వెనకాల ఒక గదిలో కిరాయికి ఉండేది. చీర చెంగు నడుముకు దోపి, చేతిలో తాళాల గుత్తితో కనపడేది. ఎవరూ లేనప్పుడు నేను ఆమెను అక్కా అనేదాన్ని. ప్రిన్సిపాల్ ముందో, తోటి లెక్చరర్ల ముందో అయితే పేరు పెట్టి పిలిచేదాన్ని. ఆమె రెండింటికీ ఒకే తీరుగా పలికేది.

పొద్దున ఆమె ల్యాబ్ తెరిచే పద్ధతి చూసి తీరాలి. ఎవరైనా మెయిన్ వేసి, వరసగా అన్ని కంప్యూటర్లూ నొక్కుకుంటూ పోతారు. ఆమె ఒకటి నొక్కి, తెర మీద వెలుగు వచ్చేదాకా దాని ముందే నిలబడేది. వచ్చాక "లేసింది" అని, అప్పుడు పక్కదాని దగ్గరికి పోయేది. ముప్ఫై కంప్యూటర్లకు ముప్ఫై సార్లు లేసింది, లేసింది. క్లాసు టైమైపోతోందని నేను విసుక్కుంటే "లేవనిది ఏదో గిప్పుడే తెలుస్తది గద మేడం, పిల్లలు కూసున్నంక తెలిస్తే ఏం ఫాయిద?" అనేది.

కబురు చెబితే తిరిగి చెప్పించుకోవడం ఇంకో అలవాటు. బడి నుంచి వచ్చిన కూతురికి మధ్యాహ్నం ఫోన్ చేసేది. "అన్నం తిన్నంక తలుపు గొళ్లెం పెట్టు. ఏం జెప్పిన? మళ్ల చెప్పు." ఆ పిల్ల అవతల నుంచి చెప్పేదాకా ఫోను పెట్టదు. ప్రిన్సిపాల్ ఏదైనా పని చెప్పినా అంతే, ఆ మాటలే ఆయనకు తిరిగి అప్పజెప్పి కదిలేది. ఆయనకు ఒళ్లు మండేది. నాకు నవ్వొచ్చేది. ఉత్త చాదస్తం అనుకునేదాన్ని.

చేరిన మొదటి నెలలోనే క్లాసులో నా పరువు పోయే పరిస్థితి వచ్చింది. ఒకబ్బాయి ప్రోగ్రాం మధ్యలో కుప్పకూలింది. కూలే చోటుకు ముందే అతను పుట్‌చార్‌తో ఒక్కో అక్షరం చొప్పున తన పేరు రాయించాడు. ఆ పేరు తెర మీద కనపడలేదు. "గా లైన్లు దాటినంకనే గద మేడం ఆగింది, మరి పేరెందుకు రాలే?" అని అడిగాడు. నాకు తెలియదు. ఫస్ట్ క్లాసులో పాసైనదాన్నే, అయినా తెలియదు. "కంపైలర్ ప్రాబ్లం, మొత్తం మళ్లీ టైప్ చెయ్" అని దబాయించాను.

క్లాసు అయిపోయాక ఆమె బోర్డు తుడుస్తూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"మేడం, మీరు కేసముద్రం మార్కెట్ చూసిన్రా?"

"చూశాను. ఏం?"

"పత్తి ఏరంగనే ఒక్కొక్క మూట మార్కెట్‌కు పోదు గద. ట్రాలీల ఏస్తరు. ట్రాలీ నిండినంక ట్రాక్టర్ కదుల్తది. పుట్‌చార్ అంటే గంతే, మూటను ట్రాలీల ఏసుడు. మార్కెట్‌ల పడ్డట్టు కాదు. నడిమిట్ల ట్రాక్టర్ బోల్త పడ్డదనుకోండ్రి, మూటలన్ని పాయె. గా పిలగాని పేరు గట్లనే పోయింది."

నేను కుర్చీలోంచి లేచి ఆమె దగ్గరికి వెళ్లాను. "మరి నిండకముందే పంపాలంటే?"

"డ్రైవర్‌ను లేపి, నిండకున్నా మంచిదే నడువు అనాలె. ఎఫ్‌ఫ్లష్ అంటే గదే."

ఇదంతా నీకెలా తెలుసని అడిగితే అప్పుడు చెప్పింది. ఆమె డిప్లొమా చదివింది. అన్నీ పాసైంది, సీ ల్యాబ్ పరీక్ష ఒక్కటి మిగిలిపోయింది. ఆ పరీక్ష రోజున ఆమె కాన్పు కోసం దవాఖానలో ఉంది. తర్వాత బిడ్డ, ఇల్లు, పని. చివరికి కంప్యూటర్లకు దగ్గరగా ఉండొచ్చని ఈ కాలేజీలో తాళాలు తీసి, ఊడ్చే ఉద్యోగంలో చేరింది.

మర్నాడు క్లాసులో ట్రాలీ కథ చెప్పాను. నాదన్నట్టుగానే చెప్పాను. పిల్లలకు భలే నచ్చింది. వరండాలో పోతున్న ప్రిన్సిపాల్ ఆగి, విని, తల ఊపి వెళ్లారు. ఆమె వెనక గోడకు ఆనుకుని నిలబడి విన్నది. "మంచిగ చెప్పిన్రు మేడం" అంది తర్వాత. ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఇన్నేళ్లలో ఎన్నోసార్లు వెతికాను. ఏమీ లేదు, ఆమెకు నిజంగానే సంతోషం.

పిల్లలు నాకంటే ఆమెనే ఎక్కువ అడిగేవాళ్లు. ఫైల్లోకి అక్షరం రాసే ఎఫ్‌పుట్‌సీ గురించి ఆమె చెప్పే తీరే వేరు. "నువ్వు 'ఏ' అక్షరం ఇచ్చినవనుకో, రాసినంక 'ఏ' అని నీకు వాపసు చెప్తది. రాయకుంటే ఈఓఎఫ్ అంటది. అది చెప్తనే ఉంటది, నువ్వే ఇనవు." మా పుస్తకాల్లో ఎక్కడా ఆ వాపసు మాట పట్టించుకోరు, నేనూ పట్టించుకునేదాన్ని కాదు. మా పిల్లలు మాత్రం ప్రతి అక్షరానికీ అది పోయిందో లేదో చూసుకునేవాళ్లు. ఆమె చాదస్తం ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

రెండేళ్లు గడిచాక, పాత సిలబస్‌లో సబ్జెక్టులు మిగిలినవాళ్లకు ఇదే ఆఖరి అవకాశమని సర్క్యులర్ వచ్చింది. నేనే ఆమెకు చూపించాను. పాసై డిప్లొమా తెచ్చుకుంటే ల్యాబ్ టెక్నీషియన్‌గా తీసుకుంటానని ప్రిన్సిపాల్ మాటిచ్చారు. ఊడ్చే పని పోతుంది, జీతం పెరుగుతుంది, పిల్లలకు అధికారికంగా నేర్పవచ్చు. ఆమె ఆయనతో ఆ మాట తిరిగి చెప్పించుకుంది. మొదటిసారి ఆయన నవ్వారు.

నెలరోజులు, సాయంత్రం పిల్లలు వెళ్లాక మేమిద్దరం కూర్చున్నాం. ఆమె రెండు వేళ్లతో టైప్ చేసేది. ప్రతి అక్షరం పెదవుల మీద పలుకుతూ కొట్టేది. కీబోర్డు మీద కొట్టినదాన్ని, లూపు తిప్పుతూ ఎఫ్‌పుట్‌సీతో ఒక్కో అక్షరంగా ఫైల్లోకి రాసే ప్రోగ్రాం ఆమెకు కంఠతా వచ్చు. ప్రతి లైను చివర ఎఫ్‌ఫ్లష్ పెట్టేది.

"ఇది తీసెయ్ అక్కా. సిలబస్‌లో లేదు. ఎక్స్‌టర్నల్ ఇదేంటి అదేంటి అని అడుగుతాడు" అన్నాను.

"అడిగితే చెప్త మేడం."

"చెప్పొద్దు. తీసెయ్."

తీసేసింది. "ఆఖరుకు ఎఫ్‌క్లోజ్ ఉన్నది గద, గదే అన్నిటిని పంపుతది తియ్" అని తనకు తనే సర్దిచెప్పుకుంది. ఉన్నమాట చెబుతున్నాను, ఎక్స్‌టర్నల్ ఆమెను ఏదో అడుగుతాడని కాదు నా భయం. ఆ ఎఫ్‌ఫ్లష్ సంగతి నన్ను అడుగుతాడని.

ఆ ఎక్స్‌టర్నల్ పరీక్ష పెట్టడానికి జనగామలోని ఒక కాలేజీ నుంచి వచ్చాడు. జనగామ నా సొంతూరు. బజార్లో మాకు బట్టల దుకాణం ఉంది, ఆయనకు మా నాన్న తెలుసు. పరీక్ష రోజు పొద్దున టిఫిన్ దగ్గరే "మా దగ్గర ఒక పోస్టు ఖాళీ ఉందమ్మా, నీలాంటి వాళ్లు కావాలి" అన్నాడు. ఇక నా కాళ్లు నేల మీద లేవు. ఎక్స్‌టర్నల్ వచ్చాడంటే కొత్తల్లుడు వచ్చినట్టే మా కాలేజీల్లో. పదకొండింటికి చాయ్, మధ్యాహ్నం బిర్యానీ, మూడింటికి మళ్లీ చాయ్. ఆ మర్యాదలన్నీ ఎప్పుడూ ఆమే చూసేది, ఎదురు హోటల్ నుంచి ఫ్లాస్కులో తెచ్చి పోసేది. ఆ రోజు ఆమె పరీక్ష రాస్తోంది. అందుకని నేను ఇంటి నుంచి కెటిల్ తెచ్చాను.

మూడు గంటలకు ల్యాబ్‌లో ఆమె ఒక్కతే మిగిలింది. పరీక్షకు వచ్చిన మిగతా ఇద్దరూ అవుట్‌పుట్ చూపించి, కంప్యూటర్లు ఆపేసి వెళ్లిపోయారు. నేను ఆమె వెనక నిలబడి చూశాను. ప్రోగ్రాం నడుస్తోంది. పరీక్ష కోసం ఇచ్చిన పేరాను ఒక్కో అక్షరం పలుకుతూ కొడుతోంది, ఎక్కడా తప్పు చూపడం లేదు. "రెండు నిమిషాలల్ల అయితది మేడం" అంది, తల తిప్పకుండా.

ల్యాబ్ పక్కన యూపీఎస్ ఉండే చిన్న గది. కంప్యూటర్లన్నీ ఆ యూపీఎస్ మీదే, ఫ్యాన్లూ లైట్లూ వేరే లైను. ఆ గదిలో యూపీఎస్ బోర్డుకు ఫోన్ ఛార్జర్ పెట్టినా, లోడు ఎక్కువైతే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఆమె ఊరుకునేది కాదు, అందరికీ తెలుసు. నాకూ తెలుసు. మామూలు బోర్డులో కెటిల్ ప్లగ్గు వదులుగా ఉండి పట్టడం లేదు. రెండుసార్లు చూశాను. ఎక్స్‌టర్నల్‌కు రైలు టైమవుతోంది. ఒక్క ఐదు నిమిషాలే కదా అని యూపీఎస్ బోర్డుకు పెట్టాను.

నీళ్లు మరుగుతుండగా టక్‌మని శబ్దమైంది. యూపీఎస్ కుయ్యిమని మోత మొదలుపెట్టింది. గబుక్కున ప్లగ్గు పీకేసి, బటన్ నొక్కి యూపీఎస్‌ను మళ్లీ వేశాను. మోత ఆగింది. అప్పుడైనా పరుగెత్తి ఆమె దగ్గరికి పోవాల్సింది. నేను గ్లాసుల్లో చాయ్ పోశాను.

ట్రేతో ల్యాబ్‌లోకి వచ్చేసరికి లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆమె తెర ఒక్కటే నల్లగా ఉంది.

"సిస్టం ఎందుకు ఆపేశావమ్మా?" అంటున్నాడు ఎక్స్‌టర్నల్.

"నేను ఆపలే సార్. దానంతటదే బందయింది."

మళ్లీ వేసింది. అది లేచేదాకా దాని ముందే నిలబడింది. ఫైలు తెరిచింది. పేరు ఉంది, లోపల ఒక్క అక్షరం లేదు. కొట్టిన పేరా అంతా ఇంకా ట్రాలీలోనే ఉండగా ట్రాక్టర్ బోల్తాపడింది. నేను తీయించిన ఎఫ్‌ఫ్లష్ ఉండి ఉంటే కనీసం సగం లైన్లయినా మిగిలేవేమో.

"ఒక్కసారి మళ్ల నడిపిస్త సార్. ఐదు నిమిషాలు."

ఆయన గడియారం చూసుకున్నాడు. "లూప్ ఆగక హ్యాంగ్ అయినట్టుంది. భయపడి స్విచ్ నొక్కేసి ఉంటుంది. ఏం మేడం, మీరేమైనా చూశారా? నడిచిందా?"

నడిచింది అంటే చాలు. కానీ నడిచిందంటే ఎందుకు ఆగిందో చెప్పాలి. పరీక్ష జరుగుతుంటే యూపీఎస్‌కు కెటిల్ పెట్టిన మనిషిని తన కాలేజీలోకి ఎవరు తీసుకుంటారు?

"సరిగ్గా చూడలేదు సార్" అన్నాను. "లూప్‌లోనే ఏదో తప్పు ఉండొచ్చు."

ఆమె నా వైపు తిరిగింది. నా మొహం చూసింది, తర్వాత చేతిలోని ట్రేను, పొగలు వస్తున్న గ్లాసులను చూసింది. లేచి వచ్చి నా చేతుల్లోంచి ట్రే తీసుకుంది. "మీరు కూసోండ్రి మేడం" అంది. పరీక్ష రాసే మనిషి, హాల్ టికెట్ ఇంకా బల్ల మీదే ఉంది, వెళ్లి ఆయన ముందు గ్లాసు పెట్టి "చక్కెర సరిపోయిందా సార్?" అని అడిగింది. నేను కూర్చున్నాను. ఆయన చాయ్ తాగుతూ మార్కులు వేశాడు.

నాలుగు మార్కులతో పోయింది.

మర్నాడు పొద్దున అడిగింది. "మేడం, గా కెటిల్ ఏ బోర్డుకు పెట్టిన్రు?"

"మామూలు బోర్డుకే" అన్నాను.

"మంచిది" అంది. మధ్యాహ్నానికి యూపీఎస్ బోర్డు మీద ఒక కాగితం అంటించి ఉంది. ఈ బోర్డుకు ఏమీ పెట్టవద్దు, అని. అప్పటిదాకా అక్కడ అలాంటి కాగితం లేదు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే నా కాంట్రాక్టు పోయేది, ఆమెకు ఆ సంగతి తెలుసు. నేను మాత్రం ఆమె చెప్పేస్తుందేమోనని రెండు నెలలు భయపడుతూ తిరిగాను, ఆమె ఎదురైతే విసుక్కున్నాను. తప్పు చేసింది నేనైతే చిరాకు ఆమె మీద.

జనగామలో ఉద్యోగం వచ్చింది. వెళ్లే రోజు ఆమె బస్టాండుకు వచ్చింది. వాళ్ల చేనులో పండిన మిరపకాయల కారం ఒక డబ్బా నిండా తెచ్చి ఇచ్చింది. "పోయినంక ఫోన్ చేయుండ్రి మేడం, మంచిగ చేరిన అని ఒక్క మాట" అంది. చేస్తానన్నాను. చేయలేదు. రెండుసార్లు ఆమే చేసింది. క్లాసులో ఉన్నానని రెండుసార్లూ కట్ చేశాను. క్లాసులో లేను.

గ్రూపులో ఆ కబురు చూసిన తర్వాతి ఆదివారం భూపాలపల్లి నుంచి బయలుదేరి, బస్సులు మారి, ఆటో పట్టుకుని వాళ్ల తండాకు వెళ్లాను. వాకిట్లో కట్టిన తాటిపత్రి పట్టా కింద పదిమంది కూర్చుని ఉన్నారు. కూతురు నన్ను వెంటనే గుర్తుపట్టింది. పదహారు పదిహేడేళ్లు ఉంటాయి, తల్లి లాగే చెంగు, అదే, చున్నీ నడుముకు దోపుకుని ఉంది. మంచినీళ్లిచ్చి పక్కన కూర్చుంది. ఏం చదువుతున్నావని అడిగాను.

"పాలిటెక్నిక్ సీటొచ్చింది మేడం. కంప్యూటర్ వచ్చింది గని నేనే వద్దన్న, సివిల్ తీస్కుంట. మా యాడికే రాలే, నాకేమొస్తది?"

యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

"మీ అమ్మకు రాదని ఎవరన్నారు?"

"మా యాడే అన్నది. లూపు నేనే తప్పు రాసిన బిడ్డా, అనేది. మా చిన్నాయిన గూడ నవ్వుతుండె, ఊడ్చేటోళ్లకు గా పరీక్షలెందుకని." పక్కనే కూర్చున్న చిన్నాయన నేల చూపులు చూశాడు.

నా తప్పును ఆమె ఇంట్లో కూడా తన మీదే వేసుకుంది. ఏడేళ్లు నవ్వులపాలైంది, నా ఊసు ఎత్తలేదు.

అప్పుడు చెప్పాను. ఆ పదిమంది ముందే చెప్పాను. ట్రాలీ పాఠం ఆమెదని చెప్పాను. లైను తీయించింది నేను, కెటిల్ పెట్టింది నేను, నడిచిన ప్రోగ్రాంను కళ్లారా చూసి చూడలేదన్నది నేను. "మీ అమ్మ ఒక్క అక్షరం తప్పు రాయలేదు" అన్నాను. ఏడిస్తే వాళ్లు నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఏడుపు ఆపుకున్నాను.

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే మేడం?" అంది ఆ పిల్ల.

"నా నౌకరి కోసం" అన్నాను.

గడప దగ్గర పిల్ల అమ్మమ్మ కూర్చుని ఉంది. ఆ ముసలావిడకు తెలుగు రాదు. ఏమంటోందని మనవరాలిని అడిగింది. పిల్ల వాళ్ల భాషలో చాలాసేపు చెప్పింది. ముసలావిడ అంతా విని, నన్ను చూస్తూ ఒకే ఒక్క మాట అడిగింది. పిల్ల తల వంచుకుంది.

"ఏమంటోంది?"

"ఏం లేదు మేడం."

"ఫర్వాలేదు, చెప్పు."

"గీమె ఇన్నేండ్ల సంది ఏడున్నది, అని అడుగుతుంది."

"జనగామలో మూడేళ్లు. భూపాలపల్లిలో నాలుగేళ్లు" అన్నాను. పిల్ల ఆ జవాబును కూడా వాళ్ల భాషలో అమ్మమ్మకు చెప్పింది.